బొమ్మల కథల్లో పొయ్యి వెలిగింది



జపాను దేశంలో బొమ్మల కథలను "మాంగా" అంటారు. మన ఊళ్లలో మంగ, మంగమ్మ అనే పేర్లు ఉన్నాయి గాని, ఆ మంగకూ ఈ మాంగాకూ చుట్టరికం ఏమీ లేదు. హొకుసాయ్ అనే గొప్ప చిత్రకారుడు 1814లో తన బొమ్మల పుస్తకానికి ఈ మాటను పేరుగా పెట్టాడు. మనుషులు, పక్షులు, చేపలు, దయ్యాలు, తనకు తోచినవన్నీ అందులో గీశాడు. తరువాత తరువాత ఆ మాటే బొమ్మల కథలకు పేరుగా స్థిరపడింది.

ఈ కథలు మొదట వారపత్రికల్లో వారానికి కొంచెం చొప్పున వస్తాయి. ఆ పత్రికలు ఇటుకంత మందంగా ఉంటాయి. కథ కొంత సాగాక దాన్ని సంపుటాలుగా కుడతారు. మనం వెనక అట్ట అనుకునే వైపు నుంచి పుస్తకం తెరిచి, బొమ్మలను కుడినుంచి ఎడమకు చదువుకుంటూ పోవాలి. బంతాట ఆడేవారి కథలు, వైద్యుల కథలు, రైతుల కథలు, ఇలా ఏ పని చేసేవారి మీద చూసినా వారికి ఒక మాంగా ఉంటుంది. వాటిలో వంట మాంగాలది ఒక పెద్ద కుటుంబం. ఈ నెల మీకు ఆ కుటుంబాన్ని పరిచయం చేస్తాను.

"వంట మీద కథ ఏముంటుంది మాస్టారూ? ఉప్పూ, పప్పూ, చింతపండూ!" అని మీరు పెదవి విరవవచ్చు. కాని, కథకు కావలసినదేమిటి? ఒకడికి ఒక కోరిక ఉండాలి, ఆ కోరికకు ఒక అడ్డు ఉండాలి, చివరకు ఏమవుతుందో అని మనకు ఆత్రం ఉండాలి. పొయ్యి మీద పాలు పెట్టి, పొంగుతాయా, మాడతాయా అని మీ అమ్మ కాచుకుని నిలబడటంలో ఈ మూడూ లేవూ?

తండ్రీ కొడుకుల పందెం

1973లో "షోనెన్ జంప్" అనే వారపత్రికలో "హోచోనిన్ అజిహేయి" అనే కథ మొదలయింది. హోచో అంటే వంటింటి కత్తి. అజి అంటే రుచి. గ్యూ జిరో కథ రాయగా బిగ్ జో బొమ్మలు వేశాడు. అజిహేయి తండ్రి పేరుమోసిన వంటవాడు. పాతకాలపు జపాను వంటలు వండటంలో ఆయనకు సాటి లేదు. కొడుకు తన కత్తి అందుకుంటాడని ఆయన ఆశ. కొడుకేమో, "నేను మామూలు జనం తినే వంటలు నేర్చుకుంటాను," అని వేరే దారి పట్టాడు. ఈ కథ 1977 దాకా నడిచింది. వంటవాళ్లు పందెం వేసుకుని పోటీపడే కథలు తరువాత చాలా వచ్చాయి. వాటికి దారి చూపినవాటిలో ఇది ముఖ్యమైనది.

ఆ తరువాత 1983లో వచ్చింది "ఒయిషిన్బో". జపాను భాషలో ఒయిషీ అంటే రుచిగా ఉన్నది, కుయిషిన్బో అంటే తిండిపోతు. ఈ రెండూ కలిపి పేరు పెట్టారు. మనం దీన్ని "రుచిపోతు" అనుకోవచ్చు! కరియా తెత్సు కథ రాశాడు, హనసాకి అకిరా బొమ్మలు గీశాడు.

ఒక వార్తాపత్రిక కార్యాలయం వారు తమ నూరేళ్ల పండుగకు దేశంలోని మేలైన వంటలన్నిటినీ ఒక జాబితాగా కూర్చాలనుకున్నారు. దానికి తగిన మనిషి కావాలి గదా! ఉద్యోగులందరికీ ఒక పరీక్ష పెట్టారు. ఏమి పరీక్షో చెప్పుకోండి. రాజభోజనం వడ్డించారనుకుంటున్నారా? కాదు. మంచినీళ్లూ, తోఫూ! తోఫు అంటే సోయా చిక్కుళ్ల పాలను విరగగొట్టి చేసే జున్నులాంటి పదార్థం. ఏ నీళ్లు ఎక్కడివో, ఏ తోఫు ఎటువంటిదో చెప్పాలి. అందరూ తెల్లమొహం వేశారు. చెప్పగలిగినవారు ఇద్దరే. ఒకతె కొత్తగా ఉద్యోగంలో చేరిన కురితా యూకో. రెండోవాడు యమవోకా షిరో. ఇతను ఆఫీసులో కునికిపాట్లు పడే బద్ధకస్తుడని పేరుపడ్డవాడు.

ఈ యమవోకాకు ఇంత నాలుక ఎలా వచ్చింది? అతని తండ్రి కైబారా యూజాన్ గొప్ప కుండల కళాకారుడు, రుచులు ఎంచటంలో దేశానికల్లా ఉద్దండుడు. కాని మహా కోపిష్ఠి. తన తల్లి ఈయన పెట్టిన బాధలవల్లనే పోయిందని కొడుకు నమ్మకం. అందుచేత అతను తండ్రి చేసిన కళాఖండాలను పగలగొట్టి, ఇల్లు విడిచి, తల్లి ఇంటిపేరు పెట్టుకున్నాడు. ఇంతలో పోటీ పత్రికవారు ఆ తండ్రినే తమ జాబితాకు పెద్దగా పెట్టుకున్నారు. ఇంకేముంది! తండ్రి ఒక పళ్లెం తెస్తాడు, కొడుకు ఒక పళ్లెం తెస్తాడు. ఏళ్ల తరబడి పోరు. ఈ పోరులో ఖరీదైన సరుకు తెచ్చినంత మాత్రాన గెలుపు రాదు. ఆ కూర ఏ కాలంలో పండింది, ఏ నీటితో ఉడికింది, తినే మనిషికి ఆ పూట ఏమి కావాలి, ఈ సంగతులు ఆలోచించినవాడే గెలుస్తాడు. చివరకు 2008లో, కథ మొదలయిన 25 ఏళ్లకు, తండ్రీ కొడుకులు రాజీపడ్డారు. జపానులో అది వార్తాపత్రికల్లో వార్తగా వచ్చిందంటే ఆ కథను జనం ఎంతగా తమదనుకున్నారో చూడండి. ఈ కథ 111 సంపుటాలయింది. పది కోట్లకు పైగా ప్రతులు అచ్చయినాయి.

ఇంత పేరున్న కథకూ ఒక చిక్కు వచ్చింది. 2011 మార్చిలో పెద్ద భూకంపం, సముద్రపు ఉప్పెన వచ్చి జపానులోని ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రం దెబ్బతిన్న సంగతి మీ పెద్దలకు తెలుసు. 2014లో ఈ కథలోని పాత్రలు ఆ కేంద్రాన్ని చూసి వచ్చాక వారికి ముక్కునుంచి రక్తం కారినట్టు బొమ్మలు వేశారు. ఫుకుషిమా ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. అంత మాత్రపు వికిరణానికి అలా జరగదని నిపుణులు అన్నారు. ఇలాంటి బొమ్మ చూస్తే తమ పంట ఎవరు కొంటారని అక్కడివారు బాధపడ్డారు. భయపడేవారి మాట కూడా వినాలి గదా అని మరికొందరు అన్నారు. ఆ ఏడే పత్రికలో కథ ఆగిపోయింది. కథలో ఎన్ని కల్పనలైనా ఉండవచ్చు. కాని నిజమైన ఊరి పేరు, నిజమైన మనుషుల బతుకు అందులోకి వచ్చినప్పుడు రాసేవాడి మీద బరువు పడుతుంది. అచ్చులో పడ్డ ప్రతి మాటనూ చదివేవాడు కూడా, "ఇది ఎలా తెలిసింది?" అని అడగటం నేర్చుకోవాలి.

కాగితం మీద రుచి

బొమ్మకు రుచి ఉండదు, వాసన ఉండదు. మరి చదివేవాడికి నోరు ఎలా ఊరుతుంది? మాంగా గీసేవారికి దీనికి రెండు ఉపాయాలున్నాయి.

మొదటిది, తినేవాడి ముఖం. "మిస్టర్ అజిక్కో" అని 1986 నుంచి 1989 దాకా వచ్చిన కథ ఒకటి ఉంది. తండ్రి పోయాక తల్లితో కలిసి పూటకూళ్ల దుకాణం నడిపే 14 ఏళ్ల కుర్రవాడి కథ అది. దాన్ని బొమ్మల సినిమాగా తీసినప్పుడు, వంట రుచి చూసిన పెద్దాయన నోట్లోంచి వెలుగులు విరజిమ్మేవి! అతిశయోక్తి అలంకారమన్నమాట.

రెండో ఉపాయం, చప్పుళ్లు. జపాను భాషలో పులుసు ఉడికితే "గుత్సు గుత్సు" అంటుంది, మనకు "కుతకుత" అంటుంది. పెనం మీద పడ్డది వాళ్లకు "జూ జూ", మనకు "చుయ్ చుయ్". కరకరలాడే అప్పడం లాంటిది వాళ్లకు "సకు సకు". ఈ మాటలను బొమ్మలో పెద్ద అక్షరాలతో ఆవిరి పక్కనే రాస్తారు. ఇలా జంట మాటలతో చప్పుళ్లు చెప్పటంలో మన తెలుగు ఎవరికీ తీసిపోదు. తళతళ, గలగల, కరకర, గరగర, పటపట, ఎన్ని కావాలి!

అయిదో రుచి

షడ్రుచులు చెప్పమంటే మీరు గడగడా చెబుతారు: తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు. ఉగాది పచ్చడి తిన్నవారికి ఇది ఒకరు నేర్పనక్కరలేదు. అయితే శాస్త్రజ్ఞులు నాలుకను పరీక్షించి చెప్పేది కొంచెం వేరు. వారి లెక్కలో కారం రుచి కాదు. మిరపలోని పదార్థం, వేడిని తెలిపే నరాలను తట్టి లేపుతుంది. అందుకే నోరు "మండింది" అంటాం. వగరు కూడా నోరు పట్టేసినట్టు, పొడిబారినట్టు కలిగే స్పర్శ. ఇక మిగిలినవి నాలుగు. అయిదోది జపానువారు కనిపెట్టారు.

జపాను వంటల్లో చాలావాటికి "దాషి" అనే పలచని చారునీళ్లు ఆధారం. కొంబు అనే ఎండిన సముద్రపు పాచిని నీళ్లలో నానేసి, కాచి, మరగబోయేముందు తీసేస్తారు. తరువాత కత్సువోబుషి వేస్తారు. అది పొగబెట్టి ఎండించిన చేప. కట్టెలాగా గట్టిగా ఉంటుంది. వడ్రంగి చిత్రిక పట్టినట్టు దాన్ని పలచగా చెక్కుతారు. ఒక్క నిమిషంలో వడకడితే దాషి తయారు.

ఈ నీళ్లకు ఉన్న కమ్మదనం తీపి కాదు, పులుపు కాదు, ఉప్పు కాదు, చేదూ కాదు. మరేమిటది? తోక్యో విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం చెప్పే ఇకెదా కికునాయె అనే ఆచార్యుడు 1908లో ఆ కమ్మదనానికి కారణమైన పదార్థాన్ని కొంబునుంచి వేరుచేశాడు. అదే గ్లుటమేట్. ఆ రుచికి "ఉమామి" అని పేరు పెట్టాడు. 1913లో ఆయన శిష్యుడు కొదామా షింతారో ఎండుచేపలో ఇనోసినేట్ అనే మరొక పదార్థాన్ని పట్టుకున్నాడు. ఈ రెండూ కలిస్తే రుచి కూడటం కాదు, ఎన్నో రెట్లు పెరుగుతుంది. పాచినీ, చేపనూ కలిపి కాచిన పూర్వపు వంటవారికి రసాయన శాస్త్రం తెలియదు. నాలుకే వారికి ప్రయోగశాల.

ఉమామి మనకు పరాయిది కాదు. బాగా పండిన టమాటాలో ఉంది. ఎండిన పుట్టగొడుగుల్లో ఉంది. తల్లి పాలలో కూడా ఉంది. అంటే, పేరు తెలియకముందే మీరందరూ దాన్ని చవిచూశారన్నమాట! ఇంకొక సంగతి. నాలుక కొసన తీపి, వెనక చేదు అని గీసిన పటం కొన్ని పాత పుస్తకాల్లో కనిపిస్తుంది. అది సరికాదు. నాలుక మీద రుచి తెలిసే చోట్లన్నిటా అన్ని రుచులూ తెలుస్తాయి. కొంచెం బెల్లం నాలుక పక్కన పెట్టుకుని మీరే పరీక్షించుకోండి.

వంట చేసే నాన్న

1985లో "కుకింగ్ పాపా" అనే కథ మొదలయింది. ఇక్కడ పాపా అంటే పసిపాప కాదు, నాన్న! ఉయెయామా తోచి రాసి, గీసిన ఈ కథ 150 సంపుటాలు దాటిపోయింది. ఫుకువోకా పట్నంలో అరాయివా అనే ఆయన ఆఫీసులో ఉద్యోగం చేస్తాడు. భారీ మనిషి, గట్టి దవడ. భార్య పత్రికా విలేఖరి. ఇంట్లో వంట ఆయనదే. అయితే ఆఫీసులో ఆయన కారియర్ విప్పగానే ఘుమఘుమలాడితే, "మా ఆవిడ వండింది," అని చాలాకాలం బొంకేవాడు! మగవాడు వండుతాడంటే నవ్వుతారని బెరుకు. ఈ కథలో పందేలు లేవు, శత్రువులు లేరు. ఒకరికి జ్వరం, ఒకరికి పరీక్ష, ఒకరికి దిగులు. ఆ పూటకు తగినది ఏదో వండుతారు. ప్రతి కథలోనూ ఆ వంటకం చేసే విధానం కొలతలతో సహా ఉంటుంది.

తొమ్మిదో తరగతి చదివే అబ్బాయి ఒకడు నాకు ఉత్తరం రాశాడు. వాడికి వంట అంటే ఇష్టమట. వంటింట్లోకి వెళితే, "మగపిల్లాడివి, ఇక్కడ నీకేం పని? పోయి చదువుకో," అని తరిమేస్తారట. వాడి చెల్లెలిని మాత్రం, "పరీక్షలైతే ఏం, వచ్చి కూర తరుగు," అని పిలుస్తారట. ఈ రెండు మాటల్లోనూ న్యాయం లేదు. అబ్బాయీ, నీ ఆకలి నువ్వు తీర్చుకోలేకపోవటం గొప్ప కాదు. రేపు చదువుకో, కొలువుకో పరాయి ఊరు వెళితే నీకు తెలుస్తుంది. మన పెళ్లిళ్లలో గాడిపొయ్యి తవ్వి వెయ్యిమందికి వండే వంటబ్రాహ్మలను చూశావు గదా, వాళ్లు మగవాళ్లు కారా? ఊరివాళ్లకు వండితే విద్య, ఇంట్లోవాళ్లకు వండితే నామోషీయా? మీ అమ్మగారితో, "రోజూ ఒక పని నేను చేస్తాను, చెల్లి చదువుకుంటుంది," అని చెప్పి చూడు. ఎవరూ తరమరు.

వండటం రాని నాన్న కథ కూడా ఒకటి ఉంది. "అమాఅమా తో ఇనజుమా" అని 2013 నుంచి 2019 దాకా వచ్చింది. అమగాకురె గిదో దాన్ని సృష్టించారు. ఇందులో నాన్న లెక్కల మాస్టారు. భార్య పోయింది. శిశువిహారానికి వెళ్లే చిన్న కూతురుంది. బడి పనితో తీరిక లేక రోజూ కొన్న భోజనమే తెచ్చిపెడుతుంటాడు. ఒకరోజు ఆ పిల్ల టీవీలో వంట కార్యక్రమం చూస్తూ, ఆ తెర ముందునుంచి కదలదు. ఆయనకు గుండె కలుక్కుమంటుంది. చివరకు తన శిష్యురాలి తల్లి నడిపే భోజనశాలలో వారికి దొరికినదేమిటి? మట్టికుండలో వండిన వట్టి అన్నం! ఆ పిల్ల కుండ ముందు కూర్చుని ఆవిరి చూస్తుంది, చప్పుడు వింటుంది, తింటుంది. ఆమె ముఖం విప్పారుతుంది. ఆనాటినుంచి ముగ్గురూ కలిసి వంట నేర్చుకుంటారు.

ఆ కుండ అన్నం మనకు కొత్త కాదు. గంజి వార్చకుండా సరిపడ్డ నీళ్లు పోసి ఇగర్చటాన్ని మనం అత్తెసరు అంటాం. బియ్యంలోని పిండిపదార్థం వేడినీటిని పీల్చుకుని ఉబ్బి మెత్తబడుతుంది. అదే ఉడకటం. మన సోనా మసూరి అన్నం పొడిపొడిగా ఉంటే, జపాను అన్నం అంటుకుంటూ ఉంటుంది, పుల్లలతో తినటానికి వీలుగా. వారి బియ్యంలో అమైలోజ్ అనే రకపు పిండిపదార్థం తక్కువగా ఉండటమే ఇందుకు కారణం.

కంటికి కనపడని వంటవాళ్లు

రొట్టె మీద కూడా ఒక తమాషా కథ ఉంది. జపాను భాషలో రొట్టెను "పాన్" అంటారు. "యాకితాతె జాపాన్" కథలోని కుర్రవాడు, జపానుకు తనదైన రొట్టె ఉండాలనీ, దానికి "జా-పాన్" అని పేరు పెట్టాలనీ పట్టుపడతాడు. అతని చేతులు వెచ్చగా ఉంటాయి గనుక పిండి త్వరగా పొంగుతుంది. పిండిని పొంగించే ఈస్టుకు వెచ్చదనం కావాలన్నది నిజమే. అన్నట్టు, ఈ "పాన్" పోర్చుగీసువారి మాట. వారు 1510లో గోవాను పట్టుకున్నారు, 1543లో జపాను చేరారు. వారి రొట్టె అక్కడ పాన్ అయింది, ఇక్కడ పావ్ అయింది. మీరు బజారులో తినే పావ్‌భాజీలోని పావ్, జపానువారి పాన్, అన్నదమ్ములు!

"మోయాషిమోన్" అనే కథలో ఒక విద్యార్థికి సూక్ష్మజీవులు మామూలు కంటికి కనపడతాయి, బుజ్జి ముఖాలతో మాట్లాడతాయి. వాటిలో అస్పర్జిల్లస్ ఒరైజే అనే బూజు ముఖ్యమైనది. ఇది లేకపోతే జపానువారికి సోయా రసం లేదు, మిసో ముద్ద లేదు. మనకూ ఇలాంటి సేవకులున్నారు. రాత్రి రుబ్బి పెట్టిన ఇడ్లీపిండి తెల్లారేసరికి గిన్నె అంచు దాటటం ఎవరి పని? కంటికి కనపడని ఆ జీవులదే.

పళ్లెంలోకి ఎక్కడినుంచి?

చివరగా చెప్పేది నాకు అన్నిటికన్నా నచ్చినది. పేరు "గిన్ నో సాజి", అంటే వెండి చెంచా. 2011 నుంచి 2019 దాకా వచ్చింది. రాసి గీసిన అరకావా హిరోము, హొక్కైదో దీవిలో పాడిరైతుల ఇంట పుట్టిన ఆమె. కథలో హచికెన్ అనే పట్నపు కుర్రవాడు మార్కుల పోటీలో అలసిపోయి, ఇంటికి దూరంగా ఉండాలని ఒక వ్యవసాయ పాఠశాలలో చేరతాడు. కోడిగుడ్డు ఎక్కడినుంచి వస్తుందో కళ్లారా చూసి మొదటిరోజే ఠారెత్తిపోతాడు!

అక్కడ ఒక ఈతలో అందరికన్నా బక్కచిక్కిన పందిపిల్ల ఉంటుంది. దానిమీద అతనికి జాలి. "పేరు పెట్టకు, తరువాత బాధపడతావు," అని తోటివారు హెచ్చరిస్తారు. అతను వినక "బుతాదోన్" అని పేరు పెడతాడు. అది పందిమాంసం వేసిన అన్నం గిన్నె పేరు. దాని గతి ఏమిటో తనకు తెలుసుననే కాబోలు అలా పెట్టాడు. కడుపునిండా మేపి పెంచుతాడు. మూడు నెలలకు దాన్ని పంపించవలసిన రోజు వస్తుంది. తప్పించటానికి అతనికి దారి లేదు. చివరకు తాను సంపాదించిన డబ్బుతో ఆ మాంసమంతా తానే కొని, తోటివారితో కలిసి, ఒక్క ముక్క పారెయ్యకుండా తింటాడు. "ఇది తప్పా, ఒప్పా?" అని కథ తీర్పు చెప్పదు. అడిగి వదిలేస్తుంది.

మీలో మాంసం తినే ఇళ్లవారున్నారు, తిననివారున్నారు. ఎవరి పద్ధతి వారిది. కాని ఈ ప్రశ్న అందరిదీ. మీ కంచంలోని పిడికెడు అన్నం కోసం ఒకరు మోకాటిలోతు బురదలో వంగి నారు నాటారు. పాలకోసం ఒకరు కోడికూయకముందే లేచారు. కంచంలో సగం వదిలేసి లేచేముందు వారిని ఒకసారి తలుచుకోండి.

పెద్దలకు ఒక మాట. పిల్లల చేతిలో బొమ్మల పుస్తకం కనపడగానే లాక్కోకండి. ముందు మీరు నాలుగు పేజీలు చదవండి. అన్నీ మంచివి కావు, కొన్ని పెద్దవారికోసం రాసినవి. మంచిచెడ్డలు ఎంచటం మన పని. కాని ఎంచాలంటే చదవాలి గదా!

మీకు ఒక పని

పిల్లలూ, ఈ ఆదివారం వంటింట్లో ఒక మూల కూర్చుని, అమ్మో నాన్నో నానమ్మో పప్పుచారు పెట్టటం మొదటినుంచి చివరిదాకా చూడండి. ఏది ముందు, ఏది వెనక? ఎన్ని నిమిషాలు? తాలింపులో ఆవాలు చిటపటలాడాక కరివేపాకు వేస్తారా, ముందా? ఎందుకని అడగండి. తరువాత ఒక కాగితాన్ని ఎనిమిది గళ్లు చేసి, దాన్ని బొమ్మల కథగా గీయండి. చప్పుళ్లు పెద్ద అక్షరాలతో రాయండి. చివరి గడిలో తినేవారి ముఖం ఉండాలి. బొమ్మ వంకరగా వచ్చినా ఫరవాలేదు. కొలతలు మాత్రం సరిగా ఉండాలి. మీ కాగితం చూసి, ఎన్నడూ వండనివారు కూడా పప్పుచారు పెట్టగలిగితే మీకు నూటికి నూరు మార్కులు!